విమానము దిగినపిమ్మటి త్రోవ

నేటి నా ప్రసంగమునకు విషయము విమానయానము కాదు. విమానము ఎట్లు ఎగురునో, ఎంతయెత్తున పోవునో చెప్పుటకు నాకంటె సమర్థులు పెక్కుమంది కలరు. విమానము దిగినపిమ్మట నగరమునకు పోవు త్రోవను గూర్చియు, నగరమునుండి విమానమును అందుకొనుటకు పోవు త్రోవను గూర్చియు నాలుగుమాటలు చెప్పదలచితిని. ఇది చిన్నవిషయమని కొందఱకు తోపవచ్చును. కాని వేలమైళ్లు ఆకాశమున సుఖముగా వచ్చినవారు కడపటి పదునైదుమైళ్లలో అలసి, భయపడి, మోసపోయి యిల్లుచేరుట నేను పలుమార్లు చూచితిని. కావున ఇది చిన్నవిషయము కాదని నా యభిప్రాయము.

ఒకప్పుడు విమానమెక్కుట ధనవంతులకే చెల్లినది. నేడట్లు కాదు. మన పల్లెలలో వీథికి ఒక్క యింటనైనను కుమారుడో కుమార్తెయో దేశాంతరమున నున్నారు. చదువులకై అమెరికాకు పోయినవారు కలరు. కరీంనగరము, నిజామాబాదు, కడప జిల్లాలనుండి కష్టపడి సంపాదించుటకై గల్ఫుదేశములకు పోయినవారు వేలకొలది కలరు. వారు వచ్చునపుడు ఎదుర్కొనుటకును, పోవునపుడు సాగనంపుటకును, కూతురికి పురుడుపోయుటకై తామే దేశాంతరము పోవుటకును పెద్దలు విమానాశ్రయమునకు రావలసివచ్చుచున్నది. ఊరిలో పదిమందికి తగవు తీర్చు పెద్దమనుష్యుడు విమానాశ్రయపు ద్వారమున మూటతో నిలిచి, “ఎటు పోవలెను నాయనా?” అని పోవువారిని వచ్చువారిని బ్రతిమాలుట చూచినపుడు నా మనస్సు నొచ్చును. తెలియకపోవుట దోషము కాదు. తెలిసినవారు చెప్పకపోవుటయే దోషము. ఉదాహరణమునకు హైదరాబాదు విమానాశ్రయమును గైకొందును. మన తెలుగువారిలో పెక్కుమంది దిగునది అదియే కదా!

రామాయణమునందలి పుష్పకవిమానమును మీరందఱు ఎఱుగుదురు. అది కోరినచోట దిగెడిది. ఎందఱు కూర్చున్నను చోటు మిగిలెడిది. శ్రీరాముని భరతుడున్న నందిగ్రామముననే దింపి, పిమ్మట కుబేరునొద్దకు తిరిగిపోయెను. నేటి విమానములకు ఆ మహిమ లేదు. అవి దిగుటకు మైళ్లపొడవున చదునైన బాట కావలెను. ఆ బాటకు రెండువైపుల ఎత్తైన మేడలు ఉండరాదు. వాని ధ్వనిని ఊరివారు రాత్రింబగళ్లు ఓర్వలేరు. కావున ఏ దేశమునందైనను పెద్దవిమానాశ్రయములు ఊరికి దూరముగనే యుండును. విమానము ఊరిలో దిగదు, ఊరివెలుపల దిగును. ఈ యొక్కమాట మనస్సున నాటుకొన్నచో సగము చిక్కులు తొలగును.

హైదరాబాదునందు 2008 వఱకు ప్రయాణికుల విమానములు బేగంపేటలో దిగెడివి. అది ఊరినడుమనే కలదు. దిగి బయటికి రాగానే సిటీబస్సు, ఆటో, రైలుస్టేషను అన్నియు దాపుననే యుండెడివి. 2008 మార్చి 23వ తేదినుండి ఆ రాకపోకలు శంషాబాదు చెంతనున్న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమునకు మాఱినవి. అది ఐదువేల యెకరములకు పైబడిన స్థలము. నగరమునకు దక్షిణముగా సుమారు 24 కిలోమీటర్ల దూరమున నున్నది. బేగంపేట రోజులను తలచుకొని “దిగిన పావుగంటలో ఇంటికి వచ్చెదము” అనుకొను వృద్ధులు ఇప్పటికిని కలరు. ఆ కాలము గడచినది.

ఇచట ఇంకొక పొరపాటునకు తావు కలదు. శంషాబాదు పట్టణము వేఱు, విమానాశ్రయము వేఱు. బెంగుళూరు పోవు పెద్దబాటమీద శంషాబాదు కలదు. విమానాశ్రయభవనము ఆ బాటనుండి కొన్ని కిలోమీటర్లు లోపలికి పోయిన తరువాత వచ్చును. పాలమూరు వైపునుండి బస్సులో వచ్చువారు కండక్టరుతో “శంషాబాదు” అని టిక్కెట్టు తీసికొన్నచో ఊరిలో దింపి పోవును. అచటినుండి మఱియొక వాహనము కుదుర్చుకొనవలసియుండును. పెట్టెలతో, రాత్రివేళ, అది ఎంత కష్టమో చెప్పనక్కఱలేదు.

ఇక “నగరమధ్యము” అన్నంత మాత్రమున హైదరాబాదులో పని జరుగదు. ఈ నగరమునకు మధ్యము ఒక్కటి కాదు. కోఠి, ఆబిడ్సు, నాంపల్లి ఒక మధ్యము. సికిందరాబాదు స్టేషను ఒక మధ్యము. మన పిల్లలు కంప్యూటరు ఉద్యోగములు చేయు మాదాపూరు, గచ్చిబౌలి ఇంకొక మధ్యము. వీనిలో ఒకదానినుండి మఱియొకదానికి పోవుటయే ఒక చిన్నప్రయాణము. విమానాశ్రయమునుండి వీనికి పోవు త్రోవలును వేఱువేఱు.

ఆ త్రోవలను సంగ్రహముగా చెప్పెదను. పెద్దబాటవెంట ఉత్తరముగా వచ్చినచో ఆరాంఘరు అను కూడలి వచ్చును. అచటినుండి మెహిదీపట్నము వఱకు స్తంభములమీద కట్టిన పొడవైన వంతెనబాట కలదు. దానికి పి.వి. నరసింహారావుగారి పేరు పెట్టిరి. అది 11.6 కిలోమీటర్ల పొడవు. 2009 అక్టోబరులో తెఱచిరి. మెహిదీపట్నము, లక్డీకాపూలు, నాంపల్లి వైపు పోవువారికి అది తగినది. ఆ వంతెన యెక్కక ఆరాంఘరునుండి జంతుప్రదర్శనశాల మీదుగా పోయినచో పాతబస్తీ, అఫ్జలుగంజి వచ్చును. ఇమ్లీబన్ అని పిలువబడు మహాత్మాగాంధీ బస్ స్టేషను అచటికి దాపుననే కలదు. గచ్చిబౌలి పోవువారు ఊరిలోనికి రానేరాక, నగరమునకు చుట్టును వలయముగా వేసిన ఔటర్ రింగు రోడ్డుమీద పోవుదురు. ఆ వలయము చుట్టుకొలత 158 కిలోమీటర్లు. దానిమీద పోవుటకు సుంకము చెల్లింపవలెను. ఆటోలకును, మోటారుసైకిళ్లకును దానిమీద ప్రవేశము లేదు.

త్రోవలు తెలిసినవి. ఇప్పుడు ప్రయాణికుడు చేయవలసినదేమి? ఇల్లువిడచుటకు ముందే నాలుగు విషయములు నిశ్చయింపవలెను: ఏ చోటికి పోవలెను, ఏ వాహనమున పోవలెను, ఎంత సొమ్ము ఇయ్యవలెను, ఏ వేళకు చేరవలెను. చోటు, వాహనము, మూల్యము, కాలము. ఈ నాలుగును ఇంటివద్దనే, వెలుతురున, తీరికగా కూర్చుండి నిశ్చయించినవాడు విమానాశ్రయమున రాజువలె నడచును. ఈ నాలుగును అచటనే తేల్చుకొందమని వచ్చినవాడు అర్ధరాత్రమున పరులచేతిలో చిక్కును.

మొదటిది చోటు. పోవలసిన యింటి చిరునామా, పేటపేరు, దగ్గఱనున్న గుడియో బడియో ఆసుపత్రియో, ఇంటివారి ఫోనుసంఖ్య—వీనిని ఒక కాగితమున పెద్దయక్షరములతో వ్రాసి జేబులో నుంచుకొనవలెను. ఫోనులో కలదుకదా యని ఊరకుండరాదు. విమానమున ఫోనులోని విద్యుత్తు అయిపోయినచో సంఖ్యయు పోయినట్లే. వ్రాసిన కాగితమునకు విద్యుత్తుతో పనిలేదు. “మా అబ్బాయిది కొండాపురమండీ” అనిన చాలదు. ఆ కొండాపురమున వందలకొలది మేడలు, ఒక్కొక్క మేడలో వందలకొలది కాపురములు కలవు.

రెండవది వాహనము. దీనిలో మూడు తెఱగులు కలవు: బస్సు, టాక్సీ, రైలు.

బస్సును గూర్చి ముందు చెప్పెదను. మనవంటివారికి అది క్షేమకరము. తెలంగాణ రోడ్డురవాణాసంస్థవారు విమానాశ్రయమునుండి చల్లనిగాలి యంత్రములుగల బస్సులను నడుపుచున్నారు. వానికి పుష్పక్ అనియే పేరు. ఆకాశమున నెగురు పుష్పకము ఊరివెలుపల దింపగా, నేలమీద నడచు పుష్పకము ఊరిలోనికి తెచ్చుచున్నదన్నమాట! ఇవి రాత్రివేళయందును నడచును. సికిందరాబాదు, జూబిలీ బస్ స్టేషను వైపునకును, జె.ఎన్.టి.యు., మియాపూరు వైపునకును పోవును. పెట్టెలు పెట్టుకొనుటకు చోటుండును. టిక్కెట్టు వెల టాక్సీ కిరాయిలో కొంతభాగము మాత్రమే. వెల నిర్ణయమై యుండుటచేత బేరములేదు, మోసములేదు. ఒక్కమాట మాత్రము గుర్తుంచుకొనవలెను. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదినుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను, నగరపు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోను ఉచితప్రయాణము కలదు. అది పుష్పక్ బస్సులకు వర్తింపదు. కావున అమ్మలు ఆధారు కార్డు చూపి ఊరకుండక, టిక్కెట్టుకు తగిన సొమ్ము చేతనుంచుకొనవలెను.

బస్సునకు లోపమును చెప్పవలెను. అది ఇంటిముంగిట దింపదు. తన నిలుపుదలచోటనే దింపును. అచటికి ఇంటివారొకరు రావలెను, లేదా ఆటో కుదుర్చుకొనవలెను. పెట్టెలు నాలుగైదు ఉన్నవారికిని, మోకాళ్లనొప్పులుగలవారికిని, చంటిబిడ్డ తల్లికిని టాక్సీయే తగును.

టాక్సీలోను రెండువిధములు కలవు. చేతిఫోనులో పిలిపించుకొను ఊబరు, ఓలా మొదలగునవి ఒకవిధము. లోపలనున్న కౌంటరువద్ద ముందుగా సొమ్ముచెల్లించి రశీదు తీసికొనునవి రెండవవిధము. ఫోనువాడుక బాగుగా నెఱిగినవారికి మొదటివిధము, ఎఱుగనివారికి రెండవవిధము. ఫోనులో పిలిచిన బండి వచ్చినపుడు, ఫోనుమీద కనబడు బండిసంఖ్యయు ఎదుటనున్న బండిసంఖ్యయు ఒకటియగునో కాదో సరిచూచి ఎక్కవలెను. ఎక్కిన పిమ్మట డ్రైవరు ఒక నాలుగంకెల సంఖ్య అడుగును. ఆ ప్రయాణమునకై వచ్చిన సంఖ్యను మాత్రమే చెప్పవలెను. బ్యాంకునుండి వచ్చు సంఖ్యను ఎవ్వరడిగినను చెప్పరాదు. రశీదు తీసికొన్నవారు ఆ కాగితమును ఇల్లుచేరువఱకు జాగ్రత్తగా నుంచుకొనవలెను. సొమ్ము చెల్లించితిమనుటకు సాక్ష్యము అదియొక్కటే.

ఈ రెంటిలో చేరని మూడవవిధమొకటి కలదు. దానిని గూర్చియే నేను ముఖ్యముగా హెచ్చరింపవలసియున్నది. సామానుబండి త్రోసికొనుచు మీరు బయటికి రాగానే ఎవడో ఒకడు చిరునవ్వుతో ఎదురుపడును. “తాతా, ఎక్కడికి? రండి, తక్కువలో తీసికొనిపోయెదను” అనుచు పెట్టెమీద చేయివేయును. మంచివాడు కావచ్చును, కాకపోవచ్చును. మీకు తెలియు ఉపాయములేదు. బండి ఎక్కడో దూరమున నిలిపియుండును. కిరాయి మొదట ఒకటి చెప్పి, సగము త్రోవలో సుంకమని, రాత్రియని, సామానని మఱియొకటి చెప్పును. చీకటిలో, తెలియని బాటమీద, భార్య ప్రక్కన నుండగా, మన పెద్దమనుష్యుడు ఏమి వాదింపగలడు? అడిగినంత ఇచ్చి, సిగ్గుచే ఎవ్వరికిని చెప్పక ఊరకుండును. కావున “వద్దు నాయనా, మాకు బండి కుదిరియున్నది” అని ఒక్కమాట చెప్పి, పెట్టె విడువక, కౌంటరువైపునకు నడువుడు. అది అమర్యాద కాదు. తన వస్తువును తాను కాచుకొనుట గృహస్థధర్మము.

ఇక రైలు. హైదరాబాదు మెట్రోరైలు 2017 నవంబరు 28న ప్రారంభమైనది. మియాపూరునుండి ఎల్.బి. నగరు, నాగోలునుండి రాయదుర్గము, జూబిలీ బస్ స్టేషనునుండి మహాత్మాగాంధీ బస్ స్టేషను వఱకు మూడు మార్గములు కలవు. విమానాశ్రయమునకు మాత్రము మెట్రోరైలు చేరలేదు. రాయదుర్గమునుండి విమానాశ్రయమునకు మార్గము వేయుటకై 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగినది. పిమ్మట ప్రభుత్వము మాఱగా ఆ మార్గమును విడచి నాగోలువైపునుండి పోవు మార్గమును ఆలోచించిరి. కావున “హైదరాబాదులో మెట్రో కలదుకదా, అందులో వచ్చెదము” అని దూరపుబంధువులు చెప్పినచో నమ్మరాదు. ఎమ్.ఎమ్.టి.ఎస్. రైలు 2023 ఏప్రిలునుండి శంషాబాదుచెంతనున్న ఉందానగరు స్టేషను వఱకు వచ్చుచున్నది. కాని ఆ స్టేషనునుండి విమానాశ్రయభవనమునకు మఱల ఒక బండి కావలెను. ఒంటరిగా, చిన్నసంచితో, పగటివేళ వచ్చు యువకునికి అది చౌక, వృద్ధదంపతులకు తగదు.

మదరాసునందు ఈ విషయము వేఱుగ నున్నది. నెల్లూరు, చిత్తూరు జిల్లాలవారిలో పెక్కుమంది ఆ విమానాశ్రయముననే దిగుదురు. అచట మీనంబాక్కమున విమానాశ్రయమునకు ఎదుట, పెద్దబాట దాటగానే తిరుసూలము రైలుస్టేషను కలదు. 2016 సెప్టెంబరునుండి మెట్రోరైలు విమానాశ్రయమునకే వచ్చుచున్నది. దానిలోనెక్కి సెంట్రల్ స్టేషనులో దిగి, నెల్లూరు రైలు పట్టుకొనవచ్చును. ధనవంతునికిని పేదవానికిని ఒకే టిక్కెట్టు. కువైటులో రెండేండ్లు కష్టపడి వచ్చిన కూలివాడు తన మొదటిదినపు సంపాదనను టాక్సీకి ధారపోయక ఇల్లుచేరగలడు. రైలుమార్గమనునది నగరమునకు అలంకారము కాదు. ఇట్టివారి చెమటను కాపాడు సాధనము. హైదరాబాదునకును అట్టిది శీఘ్రముగా కలుగవలెనని పెద్దలు తమ ప్రతినిధులను అడుగుట న్యాయమే.

మూడవది మూల్యము. బండి ఎక్కకముందే మొత్తమెంతయో, దానిలో రింగురోడ్డు సుంకము చేరినదో లేదో, సామానునకు వేఱుగ నిచ్చుటకలదో లేదో అడిగి తెలిసికొనవలెను. చిల్లరనోట్లు దగ్గఱనుంచుకొనవలెను. విదేశమునుండి వచ్చువారు ఇంటికి చేరుటకు కావలసినంత మన రూపాయలను పోవునపుడే ప్రత్యేకముగా ఒక సంచిలో దాచియుంచుట మేలు.

ఇచట మన పల్లెవారికి మిక్కిలి ఉపయోగపడు మాటయొకటి చెప్పెదను. మీ ప్రయాణము పల్లెకే అయినచో నగరములోనికి రావలసిన పనియే లేదు. పూర్వము ఏ జిల్లావాడైనను ఊరినడుమకు వచ్చి, బస్సుస్టేషనులో పడిగాపులుపడి, మఱల బయటికి పోవలసివచ్చెడిది. ఇప్పుడు వలయపుబాటమీద పోయినచో పెద్దఅంబరుపేటవద్ద దిగి విజయవాడబాటను, ఘటకేసరమువద్ద దిగి ఓరుగల్లుబాటను పట్టవచ్చును. పాలమూరు, కర్నూలు పోవువారు ఊరివైపునకు తిరుగనక్కఱయే లేదు. బెంగుళూరు బాట ఎదుటనే కలదు.

దీని ప్రయోజనమును నేను కన్నులార చూచితిని. నావద్ద చదువుకొన్న ఒక శిష్యుడు సింగపూరున ఉద్యోగము చేయుచుండెను. నల్లగొండ జిల్లాలో వాని తండ్రి అవసానదశలో నున్నాడని కబురు పోయెను. వాడు అచట విమానమెక్కకముందే తన మేనమామకు ఫోనుచేసి, “మామా, రాత్రి పదకొండుగంటలకు దిగుదును. మన ఊరి బండినే పంపుము. ఊరిలోనికి రావలదు, వలయపుబాటమీద పెద్దఅంబరుపేటకు పోవుదము. బండిసంఖ్యయు డ్రైవరు ఫోనుసంఖ్యయు నాకు వ్రాసిపంపుము” అని చెప్పెను. దిగినవాడు ఎవ్వరిని వెదకలేదు, ఎవ్వరితో బేరమాడలేదు. రెండుగంటలు దాటిన వెంటనే ఊరుచేరెను. తండ్రికి తెలివియున్నది. కుమారుని గుర్తించి పేరుపెట్టి పిలిచెను. వానిచేతి తులసితీర్థము పుచ్చుకొని తెల్లవాఱుచుండగా కన్నుమూసెను. ఇంకొక గంట ఆలస్యమైనను కుమారుని కంఠము వినియుండడని వైద్యుడు నాతో చెప్పెను. ఆ గంట విమానమువలన కలిసిరాలేదు. త్రోవను ముందుగా ఆలోచించుటవలన కలిసివచ్చెను.

శ్రీరాముడును ఇట్లే చేసెను కదా! పుష్పకము చేతనుండగా తిన్నగా పోయి భరతుని యెదుట దిగవచ్చును. అయినను భరద్వాజాశ్రమమున ఆగి, ముందుగా ఆంజనేయుని గుహునొద్దకును భరతునొద్దకును పంపెను. రాకను ముందుగా తెలుపుట పెద్దల మర్యాద. నేడు ఆ పని చేయుటకు ఫోనున్నది. ఎదుర్కొనువారు ఏ ద్వారమువద్ద, ఏ స్తంభమువద్ద నిలిచియుందురో ముందే చెప్పుకొనవలెను. విదేశమునుండి వచ్చినవారు పాసుపోర్టు తనిఖీ, సామాను, సుంకపుతనిఖీ అన్నియు ముగించుకొని బయటికి వచ్చుటకు గంటయో, అంతకు మించియో పట్టును. విమానము దిగెనని తెలిసినంతనే “ఇంకను రాలేదేమి?” అని తల్లి కంటతడి పెట్టనక్కఱలేదు.

నాలుగవది కాలము. పోవువారికి ఇదియే ప్రాణము. విదేశములకు పోవువారు విమానవేళకు మూడుగంటలు ముందుగను, దేశములోనే పోవువారు రెండుగంటలు ముందుగను విమానాశ్రయమున నుండవలెను. ఆ వేళకు చేరుటకు ఊరిలోని రద్దీని లెక్కవేయవలెను. అర్ధరాత్రమున గంటలోపల గడచు త్రోవ సాయంకాలమున కచేరీలు వదలు వేళ రెండింతలు పట్టును. పెండ్లిముహూర్తమునకు కొంచెము ఆలస్యమైనచో పురోహితుడు వేచియుండును; విమానము వేచియుండదు.

ఇంతకంటె ముఖ్యమైనది తేది. మన సంప్రదాయమున వారము సూర్యోదయముతో మాఱును. శనివారము రాత్రి తెల్లవాఱువఱకు శనివారమే. పంచాంగము చూచువారమెల్ల అట్లే యెంతుము. విమానములవారికి దినము అర్ధరాత్రము పండ్రెండుగంటలతో మాఱును. హైదరాబాదునుండి విదేశములకు పోవు విమానములలో పెక్కు అర్ధరాత్రము దాటిన పిమ్మటనే బయలుదేరును. టిక్కెట్టుమీద “ఆదివారము 2 గంటల 20 నిమిషములు” అని యున్నచో, మన లెక్కకు అది శనివారపు రాత్రి. శనివారము సాయంకాలము ఇల్లు విడువవలెను.

మా పొరుగూరి దంపతులు ఈ తేడా ఎఱుగరు. కూతురికి తొలికాన్పు, అమెరికాలో తోడెవ్వరును లేరు. అమ్మ ఆరునెలలుగా పొడులు, పచ్చళ్లు, కాయము సిద్ధముచేసెను. టిక్కెట్టుమీద ఆదివారమని యుండుటచేత ఆదివారమునాడు మంచివేళ చూచి, ఊరివారందఱు సాగనంపగా బయలుదేరి, రాత్రి పదిగంటలకు విమానాశ్రయద్వారము చేరిరి. టిక్కెట్టు చూచిన కాపలావాడు, “పెద్దాయనా, మీ విమానము నిన్నరాత్రియే పోయినది” అనెను. ఆమె అచటనే నేలమీద కూలబడెను. మఱల టిక్కెట్టు కొనుటకు పదిదినములు పట్టెను. ఆ పదిదినములలోనే కూతురు ప్రసవించెను. బిడ్డ క్షేమము, తల్లి క్షేమము. కాని నొప్పులవేళ “అమ్మా” యని పిలిచినపుడు పలుకవలసిన తల్లి అచట లేదు. సొమ్ము పోయిన మాట ఆమె ఎన్నడును ఎత్తదు. ఈ మాట తలచినపుడెల్ల కన్నీరు పెట్టును. కావున అర్ధరాత్రమునకును సూర్యోదయమునకును నడుమనుండు విమానవేళ టిక్కెట్టుమీద కనబడినచో, ముందుదినము సాయంకాలమే బయలుదేరవలెనని పంచాంగముమీదనే పెద్దయక్షరములతో వ్రాసికొనుడు.

సాగనంపువారికి ఒకమాట. ఊరంతయు రెండు జీపులలో వచ్చుట ప్రేమచేతనే, కాదనను. కాని టిక్కెట్టును గుర్తింపుపత్రమును చూపనివారిని కాపలావారు పోకలభవనములోనికి విడువరు. భవనమున రాకకు క్రిందిభాగము, పోకకు పైభాగము. ఎక్కడ దింపవలెనో డ్రైవరునకు ముందే చెప్పవలెను. కన్నీళ్లు, దీవెనలు, బొట్టుపెట్టుట అన్నియు ఇంటిగడపవద్దనే కానిచ్చి, ఒకరిద్దఱు మాత్రము తోడువచ్చుట మేలు. పాసుపోర్టు, టిక్కెట్టు పెట్టెలో అడుగున నుంచక మొలసంచిలోనో, జేబులోనో నుంచవలెను.

ఆర్యులారా, పూర్వము మన పెద్దలు కాశికి పోవునపుడు త్రోవలోని సత్రములను, రేవులను, మజిలీలను నోటికి వల్లించుకొని బయలుదేరెడివారు. విమానము మజిలీలను మాపినది గాని, మొదటి మజిలీని, కడపటి మజిలీని మాపలేదు. ఆ రెండును నేలమీదనే యున్నవి. వానిని మనమే దాటవలెను. చోటు, వాహనము, మూల్యము, కాలము—ఈ నాలుగింటిని కాగితమున వ్రాసికొని బయలుదేరుడు. మీ యింట చదువుకొన్న మనుమడో మనుమరాలో ఉన్నచో నేటిరాత్రియే ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ కాగితమును వ్రాయింపుడు. మీ రాకపోకలు సుఖముగా జరుగుగాక.